ఒకటో తారీఖు మనియార్డర్లు

ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్న కాఫీ తాగి నేను ఫోన్ పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ నన్ను కదిలించదు. తొమ్మిది మందికి డబ్బులు పంపాలి. ఫోన్‌పేలో అదెంతసేపు, ఐదు నిమిషాల పని. నాకు మాత్రం గంటన్నర పడుతుంది. పంపిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి "అందిందా అయ్యగారూ" అని అడగాలి. ముప్పై ఆరేళ్లు పోస్టాఫీసులో పనిచేసినవాణ్ణి. అందిందన్న మాట మనిషి నోటి నుంచి వినకపోతే పంపినట్టే అనిపించదు.

ఆ తొమ్మిది మందీ పల్లె పాస్టర్లు. నలుగురు చోడవరం, మాడుగుల, రావికమతం వైపు మైదానంలో ఉంటారు. ఐదుగురు పాడేరు పైన ఏజెన్సీలో. మాది విశాఖలో ఒక మాదిరి బాప్టిస్టు సంఘం. ఆదివారం రెండొందల మంది వస్తారు, క్రిస్మస్‌కి కుర్చీలు చాలవు. అందులో గ్రామ పరిచర్య కమిటీ అని ఒకటుంది. నేను 2021లో రిటైరైన మరుసటి వారమే నన్ను దానికి కోశాధికారిని చేశారు. "మీకు లెక్కలు అలవాటే కదండీ" అన్నారు. ఖాళీగా ఉన్నాడు, దొరికాడు అని దాని అర్థం.

ఒక్కొక్కరికి నెలకు నాలుగు వేలు. దాన్ని జీతం అనం, "సహాయం" అంటాం. జీతం అంటే రేపు పెన్షన్ అడుగుతారని ఒక పెద్దాయన భయం. ఈ మాట కమిటీలో అందరి ముందే అన్నాడు, నవ్వుతూ. అప్పటికే నెలనెలా పెన్షన్ తీసుకుంటున్న వాళ్లం అరడజను మందిమి అక్కడే కూర్చుని ఉన్నాం.

మా నాన్న కూడా ఇలా డబ్బులు అందుకున్నవాడే. ఆయన్ని పాస్టర్ అనేవారు కాదు, ఉపదేశి అనేవారు. బొబ్బిలి దగ్గర పల్లె మాది. బొబ్బిలిలో కెనడా బాప్టిస్టు దొరల బంగళా ఉండేది. నాకు ఊహ తెలిసేనాటికి దొరలు దాదాపుగా వెళ్లిపోయారు, బంగళా మిగిలింది, మామిడి చెట్లు మిగిలాయి. నాన్నకి నెలకోసారి మనియార్డరు వచ్చేది. అది ఒకటో తారీఖున వచ్చిన నెల నాకు గుర్తు లేదు. పది దాటేది, ఒక్కోసారి పధ్నాలుగు. కోమటి కొట్లో ఖాతా పుస్తకం మా ఇంటి పేరు దగ్గరే తెరుచుకునేది, అంతలా నలిగిపోయింది ఆ పేజీ. పోస్ట్‌మాన్ సైకిలు బెల్లు వినపడితే మా అమ్మ చెంబుతో మజ్జిగ పట్టుకుని వాకిట్లోకి వెళ్లేది.

మనియార్డరు ఫారం చూసినవాళ్లకి తెలుసు, కింద చిన్న కూపన్ ఉండేది. డబ్బు పంపేవాళ్లు నాలుగు ముక్కలు రాసుకోవడానికి. అయ్యా అమ్మా క్షేమమా అని రాయడానికి అది సరిగ్గా సరిపోయేది. నాన్నకొచ్చే కూపన్ మీద మాత్రం ప్రతి నెలా ఒకే వాక్యం ఉండేది: "కొత్త ఆత్మలు ఎన్ని? రిపోర్టు వెంటనే పంపగలరు." నాన్న దాన్ని చదివి మడిచి బైబిల్లో పెట్టుకునేవాడు. ఆయన పోయాక ఆ బైబిలు నాకొచ్చింది. యెషయా గ్రంథం దగ్గర ఇప్పటికీ పదకొండు కూపన్లు ఉన్నాయి.

ఇంటికి అసలు ఆధారం గేదె. రెండు పూటలా పాలు పోసేది అమ్మ. తెల్లారి నాలుగింటికి లేచి పేడ ఎత్తి, గడ్డి కోసి, పాలు పితికి, ఊళ్లో వాడికలకు పోసి వచ్చేసరికి నాన్న ప్రార్థన ముగించుకుని లేచేవాడు. అమ్మ నవ్వుతూ అనేది, "ఒరే, మీ నాన్న దేవుడి పని సేస్తన్నాడు, నాను గేదె పని సేస్తన్నాను" అని. నాన్న ఆ మాటకి ఎప్పుడూ జవాబు చెప్పలేదు. మా ముగ్గురి చదువూ ఆ గేదె పని మీదే నడిచింది. రిపోర్టులో గేదె గురించి ఎవరూ అడగలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు అంటే, మొన్న నవంబరులో పాడేరు పైన ఉన్న ఒక పాస్టర్ గారి ఊరికి వెళ్లొచ్చాను. మండలం పేరు, ఊరి పేరు రాయను. చిన్న ఊరు, యాభై గడప లేదు, రాస్తే ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది.

మా ఆవిడా నేనూ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఐదింటి బస్సెక్కాం. చోడవరం, మాడుగుల దాటి ఘాట్ మొదలవగానే ఆవిడ కళ్లు మూసుకుని నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది. పాడేరులో దిగి టిఫిన్ తిని, జీపు పట్టుకుని, జీపు ఆగిన చోటి నుంచి ఓ రెండు కిలోమీటర్లు నడక. మధ్యలో ఒక గెడ్డ. చెప్పులు చేతిలో పట్టుకుని దాటాలి. పాస్టర్ గారు అవతలి ఒడ్డున నిలబడి "అన్నయ్యగారూ, ఆ తెల్లరాయి మీద కాలెయ్యకండి, జారతాది" అని అరుస్తున్నాడు. నేను సరిగ్గా దాని మీదే వేశాను. మోకాలి దాకా తడిసింది, పరువు మిగిలింది.

ఆయనకి నలభై ఒకటో రెండో. పక్క ఊరివాడే, గిరిజనుడు. మైదానంలో రెండేళ్లు బైబిలు శిక్షణకు వెళ్లొచ్చి, 2013లో ఈ ఊళ్లో మొదలుపెట్టాడు. ఇప్పుడు ఈ ఊరు కాక మరో రెండు ఊళ్లు చూస్తాడు. పాత మోటారు సైకిలు ఉంది. పెట్రోలు బంకు దాకా దిగాలంటే ఆ వెళ్లి రావడానికే లీటరు అయిపోతుంది, అందుకని కిరాణా కొట్లో వాటర్ బాటిల్‌లో అమ్మే పెట్రోలు కొంటాడు, లీటరు మీద ఇరవై రూపాయలు ఎక్కువ. మేం పంపే నాలుగు వేలల్లో మూడో వంతు ఆ బాటిళ్లకే పోతుందని ఆయన నోటుబుక్కు చూశాక తెలిసింది.

ఆ నోటుబుక్కు గురించి చెప్పాలి. పొడుగాటి రూళ్ల పుస్తకం, అట్టకి ప్లాస్టిక్ కవరు కుట్టి ఉంది. ఆదివారం కానుక ఒక వైపు, ఖర్చు ఒక వైపు. కానుక వైపు ఇలా ఉంది: "రాగులు 2 కేజీలు. పిడికెడు బియ్యం 3½ కేజీలు. పసుపు కొమ్ములు 1 డబ్బా. రొక్కం 74. కోడి 1 (తిరిగి ఇచ్చేశాం, వాళ్లింట్లో జ్వరం)." పిడికెడు బియ్యం తెలియనివాళ్లకి: ఇల్లాలు రోజూ అన్నానికి బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది, వారానికోసారి అది మందిరానికి వస్తుంది. అమ్మ చేసేది, నాకు గుర్తుంది. ఆ బ్రాకెట్లో మాట చదివి నేను కాసేపు పుస్తకం మూయలేదు. ముప్పై ఆరేళ్లు ఆడిట్లు చూశాను, "తిరిగి ఇచ్చేశాం, వాళ్లింట్లో జ్వరం" అన్న ఎంట్రీ నా సర్వీసులో చూడలేదు.

మందిరం నడుం ఎత్తు దాకా ఇటుక గోడ, పైన తడిక, దాని మీద రేకులు. అవి రెండోసారి వేసిన రేకులు. మొదటివి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను పట్టుకుపోయింది. మా విశాఖలో ఆ రోజు ఏం జరిగిందో అందరికీ తెలుసు గానీ, ఆ గాలి కొండెక్కి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లను వేల కొద్దీ పడగొట్టిందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. రేకుల్లో ఒకటి పక్క లోయలో విరిగిన సిల్వర్ ఓక్‌కి చుట్టుకుని దొరికిందట. దాన్ని సుత్తితో చదును చేసి కోళ్ల గూటికి వేశారు. నాకు చూపించారు కూడా.

మందిరం ముందు నేల పేడతో అలికి, దాని మీద టార్పాలిన్ పరిచి కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. నవంబరులో కాఫీ పళ్లు ఎర్రబడతాయి, సంక్రాంతి దాటేదాకా కోతలే. పాస్టర్ గారికి ఎకరం తోట ఉంది, చెట్ల మీద మిరియాల తీగ పాకి ఉంది. శనివారం సాయంత్రం గింజలు కుప్ప చేసి మూట కడతారు, ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ పరుస్తారు. మా కమిటీ ఫారంలో "మీరు పూర్తికాల సేవకులా? అవును / కాదు" అని ఉంటుంది. ఆయన "అవును" అని టిక్కు పెట్టాడు. తోటలో ఉన్నప్పుడు ఎవరైనా పిలిస్తే బుట్ట అక్కడే దించేసి వెళ్తాడు కాబట్టి అవుననే పెట్టానన్నాడు. వాదించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

స్థలం సంగతి కూడా ఉంది. మందిరం స్థలం సంఘం పేరు మీద రిజిస్టర్ చేయించమని మా వాళ్లు మూడేళ్లుగా లెటర్లు రాస్తున్నారు. ఏజెన్సీలో 1/70 చట్టం ఉందన్న సంగతి మా సిటీవాళ్లకు పట్టదు. 1970 నాటి ఆ రెగ్యులేషన్ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుడికి గానీ, సభ్యులంతా గిరిజనులే ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప ఇంకెవరికీ బదిలీ కాదు. అది గిరిజనుల భూమి బయటివాళ్ల చేతుల్లోకి పోకుండా పెట్టిన చట్టం, ఉండాల్సిన చట్టమే. మా విశాఖ సంఘం పేరు మీద అక్కడ ఒక్క సెంటు కూడా రాదు. స్థలం ఒక ముసలమ్మది, ఆవిడే సంఘంలో మొదట బాప్తిస్మం తీసుకున్న మనిషి. "నీ తరవాత నీ మనవడు ఇమ్మంటే?" అని ఎవరో అడిగితే ఆవిడ, "ఇమ్మంటే తీసెయ్యండి, చెట్టు కింద పాడుకోండి, మునుపు పాడుకోలేదా" అందట.

బాప్తిస్మం గురించి కూడా అడిగాను. మేం బాప్టిస్టులం, నీళ్లు తల మీద చిలకరిస్తే ఒప్పుకోం, మనిషి నిలువునా మునగాలి. కొండ మీద మార్గశిరం దాటితే గెడ్డలో మోకాలి లోతు నీళ్లు కూడా ఉండవు. వేసవిలో నమ్మినవాళ్లు వానలు పడి చెక్‌డ్యాం నిండేదాకా ఆగాల్సిందే. ఈయన నీళ్లున్నా ఆపుతాడట. కనీసం ఏడాది. ఇంట్లో గొడవలు లేకుండా ఉన్నారా, తాగుడు మానారా, ఊళ్లో ఎవరికైనా బాకీ ఉన్నారా అని చూస్తాడు. పన్నెండేళ్లలో ఆయన ముంచింది ఇరవై ముగ్గురిని. అందులో ఇద్దరు వెనక్కి వెళ్లిపోయారు. ఆ సంగతి కూడా నోటుబుక్కులో రాసి ఉంది, తేదీతో.

ఇది వింటుంటే నాకు ఒంగోలు గుర్తొచ్చింది. తెలుగు బాప్టిస్టుల ఇళ్లల్లో పుట్టినవాళ్లం ఒక అంకె వింటూ పెరుగుతాం: 2222. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో అంతమందికి బాప్తిస్మం అయింది. అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర పేరు చెప్తారు. నీళ్లలో దిగి ముంచింది ఆరుగురు తెలుగు బోధకులని, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకున్నారని మాత్రం తక్కువ మంది చెప్తారు. అంతకు ముందు సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కరువు సాగినన్నాళ్లూ ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం వచ్చారనే మాట రాకూడదని. ఆపాడు అన్నది నాకు 2222 కంటే పెద్ద సంగతి. ఆ అంకె మీద ప్రసంగాలు వందసార్లు విన్నాను, ఆపడం మీద ఒక్కటీ వినలేదు.

మా విశాఖకి కూడా ఇందులో చిన్న పాత్ర ఉంది. తెలుగువాళ్ల మధ్య ప్రొటెస్టెంటు మిషన్ పని మొదట దిగింది ఇక్కడే, 1805లో. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు, క్రాన్, డెగ్రాంజెస్ అని ఇద్దరు. బాప్టిస్టులు కారు గానీ వాళ్లు తెలుగు చేసిన సువార్తలు అచ్చయింది శ్రీరాంపూర్‌లో, కేరీ గారి బాప్టిస్టు ముద్రణాలయంలో. అచ్చు చూసేదాకా ఇద్దరూ బతకలేదు, 1809లో ఒకరు, 1810లో ఒకరు పోయారు. అమెరికా బాప్టిస్టుల శామ్యూల్ డే కూడా 1836లో ముందు విశాఖలోనే దిగి, శ్రీకాకుళం వెళ్లి, చివరికి 1840లో నెల్లూరు చేరాడు. కెనడా వాళ్లు 1874లో కాకినాడ వచ్చారు. వాళ్లని పిలిచింది మాత్రం తెలుగువాడు, థామస్ గాబ్రియేలు. ప్రభుత్వ ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిచర్య మొదలుపెట్టి, అప్పులపాలై, ఇక నా వల్ల కాదు, మీరు తీసుకోండి అని కబురు పెట్టాడు. నేను ఆయన లెక్కల పుస్తకం చూడాలనుకుంటాను. ఆ అప్పుల్లో కోమటి కొట్టు బాకీ ఎంత, ఆ ఇల్లాలు ఏం చేసి నెట్టుకొచ్చింది అని.

సరే, ఊళ్లోకి వద్దాం.

పాస్టరమ్మ గారు మేం వెళ్లేసరికి ఇంట్లో లేరు. మధ్యాహ్నం దాటాక వచ్చారు, భుజాన సంచీ, చేతిలో రిజిస్టరు. ఆవిడ ఆశా వర్కర్. ఆ ముందు రాత్రి పైన ఉన్న ఊళ్లో ఒక అమ్మాయికి నొప్పులొచ్చాయి. రోడ్డు లేదు, అంబులెన్సు కింద రోడ్డు దగ్గర ఆగిపోయింది. కర్రకి దుప్పటి కట్టి డోలీలో మోసుకొచ్చారు, మోతలో పాస్టర్ గారిది ఒక భుజం. ఆవిడ టార్చి పట్టుకుని ముందు నడిచింది. ఆసుపత్రి దాకా వెళ్లి, ఆడపిల్ల పుట్టాక, తెల్లారి బయల్దేరి వచ్చింది. ఆ ఇంటివాళ్లు మందిరానికి రారు. ఇటుకల పండగకి, అంటే ఇక్కడి గిరిజనుల పండగకి, ముందుండి నడిపించే ఇల్లు అది. ఏప్రిల్‌లో పండగ చందా దగ్గర వాళ్లకీ పాస్టర్ గారికీ మాట పెరిగి, ఆరు నెలలు పలకరింపులు లేవట. డోలీ కట్టడానికి కర్ర కావాలని ఆ ఇంటి పెద్ద రాత్రి వచ్చి కొట్టింది మాత్రం వీళ్ల తలుపే.

ఆవిడ కాళ్లు కడుక్కుని వచ్చి మా ఆవిడ పక్కన కూర్చుంది. "వదినా, రాగి అంబలి తాగుతావేటి" అని అడిగి, తాగిస్తూనే ఒడిలో రిజిస్టరు పెట్టుకుని గర్భిణుల పేర్ల ఎదురుగా తేదీలు వేసుకుంటోంది. పెన్ను రాయకపోతే అరచేతి మీద గీసి చూసుకుంటోంది. నేను లెక్కల మనిషిని కదా, ఊరుకోలేక అడిగాను, నెలకి ఎంతొస్తుందమ్మా అని. పదివేలండీ అంది.

ఆవిడకి పది వేలు. మేం పంపేది నాలుగు వేలు. తోట మీద ఏడాదికోసారి కొంత. ఇద్దరు పిల్లలు పాడేరులో హాస్టల్లో. బియ్యం కానుకలో సగం, ఊళ్లో ఒంటరి ముసలివాళ్లు ముగ్గురికి వెళ్తుంది, అది కూడా రాసి ఉంది. నేను బస్సులో మనసులో కూడికలు వేసుకుంటూ దిగాను. ఎటునుంచి వేసినా ఒకటే వస్తోంది. మా కమిటీ బోర్డు మీద "మనం పోషిస్తున్న గ్రామ సంఘాలు: 9" అని రాసుకున్నాం కదా, ఆ ఊళ్లో మందిరాన్ని పోషిస్తున్నది మేం కాదు. ఆశా వర్కర్ జీతం.

విశాఖ వచ్చాక మిగతా ఎనిమిది మందికీ ఫోన్ చేశాను. రిపోర్టు కోసం కాదు, మీ ఇంట్లో అమ్మగారు ఏం చేస్తారు అని అడగడానికి. ఒకావిడ అంగన్‌వాడీ ఆయా. ఒకావిడ మిషన్ కుడతారు, పెళ్లిళ్ల సీజన్లో రాత్రి రెండింటి దాకా. ఇద్దరు ఉపాధి హామీ పనికి వెళ్తారు. ఒకావిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఒకావిడకి రెండు గేదెలు. (ఇక్కడ నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టాను.) ఇంకొకాయన చాలాసేపు తడబడి, "ఏమీ చెయ్యదండి, ఇంట్లోనే" అన్నాడు. వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది, "చీపుర్లు కట్టి సంతకి పంపుతున్నాను కదా, అది చెప్పరేం" అని. ఎనిమిదో ఆయన భార్య పోయి రెండేళ్లయింది. ఆయన సంఘం ఆ రెండేళ్లలోనే సగమైంది. కారణం ఆయనే చెప్పాడు, ఇళ్లల్లోకి వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడే మనిషి లేదు అని.

డబ్బు ఎక్కడినుంచి వస్తుందని కూడా జనం అడుగుతుంటారు. అమెరికా నుంచి కట్టలు వస్తాయని ఊళ్లో అందరి నమ్మకం. కొండ మీద పాస్టర్ గారి పక్కింటాయన నన్ను చూసి, ఈయన డాలర్లు తెచ్చాడని అనుకున్నాడట. నేను తెచ్చింది రెండు కేజీల కారప్పూస, ఒక ఆవకాయ జాడీ. ఒకప్పుడు కొంత విదేశీ సొమ్ము పెద్ద సంస్థల ద్వారా చేతులు మారి చిన్నవాళ్ల దాకా వచ్చేది, నిజమే. ఈ పాస్టర్ గారికీ అలా నెలకి మూడు వేలు వచ్చేది. 2020 సెప్టెంబరులో ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం సవరించారు. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి బదిలీ చెయ్యకూడదు, పరిపాలన ఖర్చు యాభై శాతం నుంచి ఇరవైకి తగ్గించాలి, డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఆ గొలుసులో చివరి కొసన ఉన్నవాళ్లకి డబ్బు ఆగిపోయింది. అప్పటికి కోవిడ్, ఆదివారం కానుకలు కూడా లేవు. అప్పుడే మా సంఘం ఈయన్ని తీసుకుంది. మా నిధి పూర్తిగా లోకల్. స్త్రీల సమాజం వాళ్ల ఆవకాయ, కోత పండుగ వేలంపాట, నాలాంటి పెన్షనర్ల దశమభాగం. పోయిన కోత పండుగలో నేను ఒక గుమ్మడికాయని ఎనిమిది వందల యాభైకి పాడుకున్నాను. ఎదుటి పాట పాడింది మా వియ్యంకుడు, లేకపోతే మూడొందలకి వచ్చేది.

విదేశీ సొమ్ము ఆగినందుకు నేను పెద్దగా బాధపడను. కానీ ఆ సొమ్ముతో పాటు వచ్చిన ఒక అలవాటు మాలో ఉండిపోయింది. లెక్క చెప్పమనే అలవాటు మంచిదే. ఏం లెక్కపెడుతున్నాం అన్నదే గొడవ. ఈయన ఊరు ఒక్కటే నాకు తెలిసి మూడు సంస్థల జాబితాల్లో "స్థాపించిన సంఘం" కింద ఉంది. వాళ్లల్లో ఒకరు ఒకసారి వచ్చి ఫోటో తీసుకుని వెళ్లారు, రెండోవాళ్లు రానే లేదు. మూడోవాళ్లం మేమే. మొక్క ఒకటి, నాటినవాళ్లు ముగ్గురు.

డిసెంబరు మీటింగులో నేను ఫారం మార్చాలని పెట్టాను. ఉన్నవి ఐదు గళ్లు: దర్శించిన గ్రామాలు, గృహకూడికలు, పంచిన కరపత్రాలు, బాప్తిస్మాలు, కొత్త సంఘాలు. వాటి కింద ఇంకో గడి కలపమన్నాను: "పాస్టరమ్మ గారి పని, సంపాదన." గదిలో కాసేపు నిశ్శబ్దం. ఒకాయన "వాళ్ల ఇంటి విషయాలు మనకెందుకండీ" అన్నాడు. ఇంకొకాయన, "అది చూసి సహాయం తగ్గిస్తారేమోనని వాళ్లు రాయరు" అన్నాడు. ఆ మాటకి విలువుంది, నేను ఆలోచించలేదు. పెన్షన్ పెద్దాయన మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "మా అమ్మ బియ్యం చెరిగేది బంగళాలో" అన్నాడు. ఆయనా ఉపదేశి కొడుకేనని నాకు ఇన్నేళ్లలో తెలియదు.

గడి కలపలేదు. వచ్చే మీటింగుకి వాయిదా వేశారు. బదులుగా ఇంకోటి ఒప్పుకున్నారు: పాస్టర్ గారికి ఇష్టమైతే డబ్బు పాస్టరమ్మ గారి ఖాతాలో వేయొచ్చు. భార్య పోయినాయన్ని వదిలేసి మిగతా ఎనిమిది మందికీ చెప్పాను. ఆరుగురు "చూద్దాం అయ్యగారూ" అన్నారు, అంటే లేదని. చీపుర్లావిడ ఫోన్ లాక్కుని నంబరు చెప్పబోయింది, ఆయన తర్వాత చేస్తానన్నాడు, ఇంకా చెయ్యలేదు. కొండ మీద ఆయన ఒక్కడే వెంటనే "మంచిదండి, నా ఫోన్ ఎలాగూ సగం రోజులు చచ్చే ఉంటాది" అన్నాడు.

జనవరి ఒకటో తారీఖు, ఎనిమిదిన్నర. నాలుగు వేలు పంపి, కొత్త నంబరుకి చేశాను. గాలి హోరు, మధ్యలో మేకల గంటలు.

"అందిందామ్మా?"

"అందినాది అన్నయ్యగారూ. రాయెక్కి మాట్లాడతన్నాను. ఆయన తోటలో ఉన్నారు. వదిన బాగున్నాదా?"

"బాగుంది. రిపోర్టు..." అని అలవాటుగా మొదలుపెట్టాను.

"ఏటి రాయమంటారండీ? ఈ నెల నలుగురికి కాన్పులు. బాప్తిస్మాలు లేవు, గెడ్డలో నీళ్లు లేవు."

కాగితం తీసుకుని అలాగే రాసుకున్నాను. నలుగురికి కాన్పులు ఏ గడిలో వెయ్యాలో తెలియక, కింద మార్జిన్‌లో వేశాను.